ఆరున్నొకటి

కోవిల్‌పట్టికి పోయే ఏడో నంబరు టౌన్ బస్సును బొమ్మక్క ఏనాడూ ఆ నంబరుతో పిలవలేదు. "ఆరున్నొకటి వచ్చెనా?" అని అడుగుతుంది. కండక్టర్ దొరైసామికి ఇది అలవాటే. కొత్తగా వచ్చిన డ్రైవర్లు మాత్రం బిక్కమొహం వేస్తారు. ఆరో నంబరా, ఒకటో నంబరా, సరిగ్గా చెప్పు పాట్టీ అని తమిళంలో విసుక్కుంటారు. ఆమె బస్సు నుదుటి మీది అంకెను వేలితో చూపించి, తన తప్పేమీ లేనట్టు ఎక్కి కూర్చుంటుంది.

ఆ చుట్టుపక్కల నల్లరేగడి ఊళ్లలో తెలుగు ఇళ్లవాళ్లకు ఇది పాత ఆచారమే. కళ్లంలో సజ్జలు కొలిచేటప్పుడు మొదటి పడిని ఒకటి అనరు, లాభం అంటారు. ఆరు తరవాత వచ్చేదాన్ని ఆరున్నొకటి అంటారు. ఏడు అంటే ఏడవమన్నట్టే కదా, గింజలు ఇంటికొచ్చే వేళ ఎవరు ఏడవాలి? కొలత అయిపోగానే ఆ పట్టింపూ అయిపోతుంది. తరవాత ఏడో తారీఖు, ఏడు మైళ్లు అంటూ అందరూ మామూలుగానే మాట్లాడుకుంటారు. బొమ్మక్క ఒక్కతే ఆ పట్టింపును కళ్లం దాటించి బస్సుకూ, గడియారానికీ, క్యాలెండరుకూ తగిలించింది. ఏడాది అనవలసిన చోట కూడా వరుషం అంటుంది. పోనీ తమిళంలో చెప్పి తప్పించుకోవచ్చు కదా అంటే అదీ కుదరదట. తమిళంలో ఆ అంకెను కాస్త పొట్టిగా పలికితే 'లే' అని అర్థం. ఒక భాషలో ఏడవమంటుంది, ఇంకో భాషలో లేచి కూర్చోమంటుంది, పసిబిడ్డలున్న ఇంట్లో అనదగ్గ అంకేనా అది అని ఆమె వాదం. ఊరు నవ్వి ఊరుకుంది.

పసిబిడ్డల సంగతి ఆమెకు తెలిసినంతగా ఆ ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. నలభై ఏళ్లుగా ఏ ఇంట కాన్పు జరిగినా నీళ్లు పోయడానికి బొమ్మక్కే రావాలి. పీట మీద కూర్చుని కాళ్లు చాపి, బిడ్డను ముంగాళ్ల మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి, నీళ్లు పోసి, తుడిచి, తొట్టి ఉయ్యాలలో వేసేదాకా ఆమె నోరు ఆగదు. ముక్కును, చెవిని, పాదాన్ని పేరుపేరునా పలకరిస్తుంది. తమిళ ఇళ్ల పిల్లలు కూడా ఆమె కాళ్ల మీద ఉన్నంతసేపూ తెలుగే వింటారు. తన చేతిలో ఏ బిడ్డా అరగంట దాటి మేలుకోలేదని ఆమెకు కొంచెం గర్వం. కొంచెమేమిటి, బాగానే గర్వం. ఆమె కడుపున పుట్టి బతికింది ఒక్కడే, నల్లసామి. అతనికి ముందు ఒక ఆడపిల్ల ఉండేదనీ, నెలల పిల్లగానే పోయిందనీ ఊళ్లో మరీ పెద్దవాళ్లకు మాత్రమే తెలుసు. ఆ మాట ఆమె ఎత్తదు కాబట్టి ఎవరూ ఎత్తరు.

నల్లసామి కొడుకు వసంతకుమార్ విరుదునగర్‌లో ఒక పప్పుల మిల్లులో మిషన్లు చూసుకుంటాడు. అతని భార్య సంగవి కాలేజీ లైబ్రరీలో పని చేస్తుంది. ఏ పనికైనా ముందు కాగితం మీద గీతలు గీసి పట్టిక వేస్తే గానీ చెయ్యి పెట్టని పిల్ల. కాన్పుకు రాజపాళయం పుట్టింటికి వెళ్లి, ఆరో నెలలో పాప యాళినితో విరుదునగర్ వచ్చింది. అన్నాళ్లూ తల్లి జానకియమ్మాళ్ చూసుకుంది. ఇక్కడ ఆలుమగలు తప్ప ఇంకో చెయ్యి లేదు. వచ్చిన నాలుగోనాడే బొమ్మక్కకు ఫోన్ చేసింది.

"అవ్వా, మీ చేతిలో పిల్లలు అరగంటలో నిద్రపోతారంట. నాకూ చెప్పండి. ఏమేమి కావాల, ఎన్ని గంటలకు పండబెట్టాల, అంతా రాసుకుంటాను."

రాసుకుంటానన్న మాటకు బొమ్మక్క మురిసిపోయింది. ఇన్నేళ్లలో ఆమె చెప్పింది విన్నవాళ్లున్నారు గానీ రాసుకున్నవాళ్లు లేరు. గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

"పాత పంచె గుడ్డలు ఒక పన్నెండు పెట్టుకో తాయీ. కొత్త గుడ్డ ఒళ్లు గీరతాది. తొట్టికి నూలు చీర కట్టు, నైలాను వద్దు. నీళ్ల వేడి మోచేతి మీద పోసి చూడు, అరచెయ్యి చెప్పేది నమ్మొద్దు. సాంబ్రాణి పొగ వాకిలికాడ చూపిస్తే చాలు, బిడ్డ ముక్కుకు ఆనకూడదు. పాలిచ్చి, తేన్పు వచ్చేదాకా బుజాన వేసుకో. లైటు తగ్గించు. ఆరున్నొకటికి తొట్టిలో వేసేయి. దినమూ అదే టైము. చుట్టాలొచ్చినా మార్చొద్దు, పండగొచ్చినా మార్చొద్దు."

"ఆరున్... ఒకటి. శరి అవ్వా. మార్చను."

ఆ సాయంత్రం బొమ్మక్క వీధిలో నలుగురికైనా చెప్పి ఉంటుంది, మా వసంతన్ పెండ్లాము నేను చెప్పిందంతా రాసుకుందని.

పదిహేను రోజులు గడిచాయి. ఒక గురువారం మధ్యాహ్నం మిల్లు నుంచి వసంతకుమార్ ఫోన్ చేశాడు. గొంతులో జీవం లేదు.

"అవ్వా, పాప నిద్రే పోవడం లేదు. పగలంతా నస, రాత్రంతా మేలుకుంటాది. సంగవి కళ్లు చూస్తే బయంగా ఉండాది. సోమవారం నుంచి అది లైబ్రరీకి పోవాల. ఈ నెల బరువు కూడా ఏరలేదు, ఉన్నంతే ఉండాదని డాక్టరమ్మ చెప్పె."

"ఎన్నో నెల నాయినా ఇప్పుడు?"

"ఏడో నెల కదా అవ్వా."

"శరి, శరి, పెట్టు" అంది బొమ్మక్క. ఫోన్ పెట్టేసిందే గానీ ఆ అంకె చెవిలోంచి పోలేదు.

ఆ తరవాత ఆమెకు కాలు ఒకచోట నిలవలేదు. చింతపండు గింజలు తీస్తూ మధ్యలో లేచింది. కోళ్లకు నూకలు వేసి, వేసిన సంగతి మరిచి మళ్లీ వేసింది. కోళ్లు సంతోషించాయి. నల్లసామి చూసి చూసి, "యాల అమ్మా, ఇట్లా కాలుగాలిన పిల్లి మాదిరి తిరుగుతా ఉండావు?" అన్నాడు. ఆమె పెట్టె తెరిచి, పాత పంచెలు చింపి, మడతలు పెట్టి మూట కట్టింది. నూలు చీర ఒకటి, ఉగ్గుగిన్నె ఒకటి, సాంబ్రాణి పొట్లం ఒకటి అందులో చేర్చింది. చేతిలో పని అయిపోయాక భయం ఇంకా పెరిగింది. ఆ నెలలో ఉన్న ఆడపిల్ల. నిద్ర లేదు, ఒంటికి పాలు పట్టడం లేదు. ఎవరికీ చెప్పుకోలేని లెక్క ఒకటి ఆమె లోపల నడుస్తోంది.

మర్నాడు ఆరున్నొకటి ఎక్కి కోవిల్‌పట్టి చేరి, అక్కడ విరుదునగర్ బస్సు పట్టింది. ఎప్పుడు ఎవరింటికి పోయినా స్టాండులో వేరుశెనగల కడలమిఠాయి పొట్లం కొనే మనిషి, ఈసారి బస్సు కదిలాక గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. సాత్తూరులో వెళ్లరి దోసకాయలమ్మేవాళ్లు కిటికీల దగ్గర మూగితే తల తిప్పలేదు. ముందు సీటులో ఒకామె ఒళ్లో ఏడాది పిల్లవాడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఆ నిద్ర చూస్తే బొమ్మక్కకు కడుపు మండింది. ఊరి పిల్లలందరికీ నిద్ర ఉంది, నా ఇంటి బిడ్డకే లేకపోయెనా అనుకుంది.

విరుదునగర్‌లో ఆమె మెట్లెక్కేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. తలుపు మీద ఏదో రాసిన కాగితం అంటించి ఉంది. బొమ్మక్కకు అంకెలు వచ్చు గానీ అక్షరం రాదు. గంట నొక్కింది. ఒకసారి నొక్కితే వినపడదేమోనని రెండోసారి గట్టిగా నొక్కింది. లోపల పాప గుక్కపట్టి అందుకుంది.

తలుపు తీసిన సంగవిని చూసి బొమ్మక్క ఒక అడుగు వెనక్కి వేసింది. జుట్టు ముడి ఒక పక్కకు జారిపోయి ఉంది, కళ్ల కింద నలుపు.

"అవ్వా! గంట కొట్టొద్దని రాసి పెట్టినాను కదా. అరగంటగా పోరాడి ఇప్పుడే కండ్లు మూయించినాను."

"నాకేమి తెలుసు తాయీ, అక్షరం రాదే."

"కూర్చోండి. ఇది నిద్ర టైము. అది పండుకున్నాక వస్తాను." సంగవి లోపలికి పోయి తలుపు మూసుకుంది.

బొమ్మక్క హాల్లో మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా అలమర నిండా పాప సామానే. ఒక పిల్లకు కొన్నారో, కాన్పుల ఆసుపత్రికి కొన్నారో తెలియదు. డైపర్లు మూడు సైజులవి, తడి కాగితాల పొట్లాలు, గొడుగులా విప్పే దోమతెర, ఎలుగుబంటి బొమ్మ దీపం, సీసాలు కడిగే బ్రష్షులే నాలుగు. తలుపు వెనక ఏదో పెట్టె హోరుమని మోగుతోంది. పైపు పగిలి నీళ్లు పోతున్నాయేమోనని ఆమె కంగారుపడి లేచింది. అది సముద్రం మోత అనీ, పిల్లల నిద్రకోసమే అమ్ముతారనీ తరవాత తెలిసింది. ఆ సముద్రాన్ని మించి పాప ఏడుస్తోంది. బొమ్మక్క కూర్చుంది, లేచింది, తలుపు దాకా పోయింది, తిరిగొచ్చింది. అరచేతులు దురద పెట్టినట్టున్నాయి. తీసుకుంటే అరగంట పని. అడగటానికి భయం వేసింది.

రెండు దాటాక ఏడిచి ఏడిచి సొమ్మసిల్లినట్టు పాప పడుకుంది. ఐదింటికి లేచింది. అప్పుడు సంగవి తెచ్చి ఒళ్లో పెడితే, బొమ్మక్క పాదాన్ని పలకరించింది, మోకాలిని పలకరించింది, పాప కిలకిల నవ్వింది. సంగవి కూడా కొంచెం నవ్వింది. వసంతకుమార్ మిల్లు నుంచి వచ్చి, ఇంట్లో నవ్వు విని చెప్పులు విప్పటం మరిచిపోయి నిలబడ్డాడు. డైపర్లు అయిపోవచ్చాయని గుర్తు చేసి సంగవి అతన్ని మళ్లీ బజారుకు పంపింది.

ఆరు కావస్తుండగా సంగవి ముఖంలో నవ్వు పోయింది. పాపను అందుకుని గది వైపు నడిచింది.

"ఇంకా ఇప్పుడే కదా తాయీ లేచింది? ఆడుకోనీ" అంది బొమ్మక్క.

"ఆరవుతా ఉంది అవ్వా. నిద్ర టైము." గోడ మీది పట్టికను చూపించింది. నీలం గీతల మధ్య ఎర్ర సిరాతో రెండు చోట్ల గట్టిగా చుట్టిన అంకెలు. ఒకచోట 1, ఒకచోట 6.

బొమ్మక్క దగ్గరికి పోయి చూసింది. "ఈ రెండూ ఎవరు చెప్పిరి నీకు?"

"మీరే చెప్తిరి కదా! ఆరున్ను ఒకటిన్ను, చుట్టాలొచ్చినా మార్చొద్దని. ఆయన ఈ పట్టిక వంక చూడనే చూడలేదు, నేను ఒక్క దినం మార్చలేదు. ఒంటిగంటకు ఎండలో, వాన పడినా, అది ఆడుకుంటా ఉన్నా లాక్కుపోయి పండబెట్టినాను. ఆరింటికి పండుకుంటాది, ఆరూముక్కాలుకు లేస్తాది, ఆ పైన అర్ధరాత్రి దాకా మా ఇద్దరినీ చూస్తా కూర్చుంటాది."

బొమ్మక్క ఆ రెండు అంకెల మీదా వేలు పెట్టి చూసింది. అక్కడే నేల మీద కూర్చుని చేతులెత్తింది. ఒక చేతికి ఐదు వేళ్లు, ఇంకో చేతికి రెండు. "ఇన్ని గంటలకు తాయీ. ఇన్ని గంటలకు వేయమంటిని. రాత్రికి ఒకే నిద్ర."

సంగవి పాపతో వంగి వేళ్లు లెక్కపెట్టింది. "ఏడా?"

బొమ్మక్క చెయ్యి చటుక్కున పాప చెవి మీదికి పోయింది.

"ఏడు అని చెప్పొచ్చు కదా అవ్వా! ఏడు! ఏడు! ఆ ఒక్క మాట నోట్లోంచి రాక, పదిహేను దినాలు మేము..." సంగవి గొంతు కోపంతో మొదలై నవ్వులోకి తిరిగి, నవ్వు మధ్యలో ఆగిపోయింది. "యాల చెప్పకూడదు?"

"ఆ మాట బిడ్డ ముందర అనకూడదు. బిడ్డకు మంచిది కాదు."

అలవాటుగా అనేసింది. నలభై ఏళ్లుగా ఎన్ని ఇళ్లలో అందో. ఎవరూ లెక్కచేయలేదు, నవ్వారు. సంగవి మాత్రం నవ్వలేదు. పాపను గట్టిగా పట్టుకుని ఆమె ఎదురుగా కూలబడింది.

"నేను అన్నాను అవ్వా."

"ఏమి అన్నావు?"

"పోయిన మంగళవారం. రెండు దినాలుగా నాకు నిద్ర లేదు. ఇది ఒకటే రాగం. నాకు తల తిరిగిపోయె. ఎంత ఏడుస్తావో ఏడు, అని అరిచి, తొట్టిలో పడేసి, తలుపు మూసి మెట్ల మీద కూర్చున్నాను. పది నిమిషాలు. ఆయనకు కూడా చెప్పలేదు. మర్నాడు డాక్టరమ్మ బరువు ఏరలేదని చెప్పె. నా నోటి వల్లే కదా?"

బొమ్మక్క ఆ పిల్ల ముఖం చూసింది. ఆ ముఖం ఆమెకు కొత్త కాదు. యాభై ఏళ్ల కిందట తలుపు అద్దంలో చూసుకున్న ముఖమే అది. దాన్ని మోసి మోసి తన నడుం వంగింది. ఇప్పుడు ఈ మూటను ఇరవై ఆరేళ్ల పిల్ల నెత్తిన పెట్టటానికా తను రెండు బస్సులు మారి వచ్చింది? తన మీద తనకే అసహ్యం వేసింది.

"నేనూ అన్నాను తాయీ" అంది.

సంగవికి అర్థం కాలేదు.

"గింజల మర్యాద కోసం నేను ఆ మాట అననని ఊరంతా అనుకుంటారు. గింజలు కాదు. నా పెద్దబిడ్డ. ఇదే నెల దానికి. కళ్లంలో మా మామ సజ్జలు కొలుస్తాడు, నేను పక్కన నిలబడి లెక్క చెప్పాల. బిడ్డ చంకలో ఒకటే నస. లెక్క తప్పె. మామ నలుగురిలో అరిచె. నాకు రోషం వచ్చి, నువ్వన్నావే, అదే మాట అని, బిడ్డను గోనె మీద కూర్చోబెట్టి లెక్కకు పోతిని. నాలుగో దినం దానికి జొరం వచ్చె. ఇంకో మూడు దినాలకు పోయె. దాని పేరు కూడా ఎవరికీ గుర్తు లేదు. వెంకటమ్మ."

ఆ పేరు పైకి అనటం ఎన్నాళ్ల తరవాతో. సంగవి పాప తల మీద చెయ్యి వేసి అలాగే చూస్తోంది. ఆ చూపులో భయం ఇంకా ఎక్కువైందని బొమ్మక్కకు తెలిసింది. సగం చెప్పి ఆపితే లాభం లేదు.

"ఆ వరుషం మా వీధిలోనే ముగ్గురు బిడ్డలు పోయిరి. అదే జొరం. ఎదురింటి కోడలు ముత్తుప్పేచ్చి అత్తకు ఎదురు మాట అనని మనిషి, బిడ్డను ఏమంటాది? దాని బిడ్డా పోయె. నాకు తెలుసు తాయీ. యాభై వరుషాలుగా తెలుసు. తెలిసినా మనసుకు చెప్పలేదు. నీ బిడ్డకు నిద్ర చెడింది నీ నోటి వల్ల కాదు, నా నోటి వల్ల. నేను సరిగా గంట చెప్పి ఉంటే నువ్వు ఆ మెట్ల మీద కూర్చునే పనే లేదు. నిద్ర వస్తే పాలు తాగుతాది, పాలు తాగితే బరువు అదే వస్తాది. లే, నీళ్లు కాచు."

సంగవి లేచింది. వసంతకుమార్ డైపర్లతో తిరిగొచ్చేసరికి స్నానాల గదిలో బొమ్మక్క కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది, మోచేతి మీద నీళ్లు పోసి చూస్తోంది. అతన్ని కొక్కేనికి నూలు చీర తొట్టి కట్టమన్నారు. మిషన్లు బిగించే చెయ్యి కాబట్టి ముడిని మూడుసార్లు లాగి చూశాడు. సముద్రం పెట్టె ఆపేశారు. ఎలుగుబంటి దీపాన్ని మాత్రం బొమ్మక్క ఉంచమంది, వెలుతురు మెత్తగా ఉందని. పాపకు నీళ్లు పోసి, పాత పంచె గుడ్డలో చుట్టి, సంగవి చేతికిచ్చింది. పాలు తాగి, భుజం మీద తేన్పు తీసి, పాప కళ్లు బరువెక్కాయి. హాల్లో గడియారం పెద్ద ముల్లు పన్నెండు మీదికి వచ్చింది.

పాపను తొట్టిలో వేశారు. సంగవి చీర అంచు పట్టుకుని నిలబడింది. ఆమె పెదవులు ఏదో అనబోయి, భయపడి ఆగిపోవటం బొమ్మక్క చూసింది. ఇక ఈ పిల్ల కూడా బస్సు నంబరు చూపుడు వేలితో చెప్పుకుంటూ బతుకుతుంది, అంతే కదా. బొమ్మక్క తొట్టి మీదికి వంగింది. ఒకసారి గుటక వేసింది. రెండోసారి వేసింది.

"ఏడయ్యె తల్లీ" అంది పాప చెవిలో. "ఏడయ్యె. పండుకో."

పాప నోరు కదిపింది, పిడికిలి బుగ్గ కింద పెట్టుకుంది, ఊపిరి నెమ్మదించింది. అంతే. ఇంకేమీ జరగలేదు. ఏమీ జరగకపోవటాన్ని బొమ్మక్క చూస్తూ నిలబడింది. ఇంత మాత్రపు మాటకా నేను నా బిడ్డ పేరు కూడా తలుచుకోకుండా ఉన్నది అనిపించింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గది బయటికి పోబోయింది.

సంగవి ఆమె చెయ్యి పట్టుకుంది. ఎప్పుడూ మీరు అనే పిల్ల ఆ నిమిషంలో ఆ మర్యాద మరిచిపోయింది.

"ఏడు అవ్వా," అంది మెల్లగా. "ఏడు. పాప లేవదులే."

బొమ్మక్క ఏడ్చింది. పాప లేవలేదు.